నాలుగు వందల పన్నెండు ఆల్చిప్పలు

2022 మే నెల. విజయనగరం నుంచి బస్సులో గంటన్నర, అక్కడి నుంచి ఆటోలో ఇరవై నిమిషాలు వెళ్తే ఒక ఏరు వస్తుంది. కింద ఎక్కడో నాగావళిలో కలుస్తుంది. ఊరి పేరు రాయను. తాగునీటి పథకం కోసం ఆ ఏటిలో ఇన్‌టేక్ వెల్ కట్టబోతున్నారు. ఏటి నీటిని లోపలికి తీసుకుని పంపులతో పైకి పంపే బావి అది. కాలేజీలో ముప్పై ఒక్క సంవత్సరాలు జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాక నేను పెట్టుకున్న పని, ఇలాంటి కట్టడాలు మొదలవక ముందే అక్కడి మంచినీటి ఆల్చిప్పలను ఏరి మరో చోటికి మార్చడం.

వాటిలో ముత్యాలుంటాయా అని అందరూ అడుగుతారు. మా ఏటి ఆల్చిప్పల్లో నాకు ఒక్కటీ కనబడలేదు. అవి చేసే పని వేరు. ఇసుకలో సగం కూరుకుని, రోజంతా నీటిని లోపలికి పీల్చి, వడగట్టి వదులుతాయి. వాటి పిల్లలు కొన్నాళ్ళు చేపల మొప్పలను పట్టుకుని బతుకుతాయి. పెద్దవి కదిలేది తక్కువ. కట్టడం కోసం ఏటికి అడ్డంగా కాఫర్ డ్యామ్, అంటే తాత్కాలిక మట్టి గట్టు, వేసి లోపలి నీరు తోడేస్తే అవి ఉన్నచోటనే ఎండి చస్తాయి.

పద్ధతి ఇది. క్వాడ్రాట్ అనే మీటరు పొడవు, మీటరు వెడల్పు ఇనుప చట్రాన్ని ఏటి అడుగున వేస్తాం. దాని లోపలి ఇసుకను చేతులతో తడిమి, దొరికిన ఆల్చిప్పలను తడి గోనెలో చుడతాం. చిప్ప మీద అంకె వేసిన చిన్న ట్యాగ్ అతికిస్తాం. కొత్త చోట ఒక్కొక్కటిగా, నోరు పైకి ఉండేలా ఇసుకలో నాటుతాం. పక్క ఊరి నుంచి నలుగురు ఆడవాళ్ళను పనికి పెట్టుకున్నాను. ఏటిని మూడు పట్టీలుగా విడగొట్టుకుని, మే 9 నుంచి 18 వరకు రెండు పట్టీలు పూర్తి చేశాం. మొత్తం 412.

కొత్త చోటు నేనే ఎంచాను. పైకి అర కిలోమీటరు దూరంలో, ఏరు వంపు తిరిగిన చోట పక్కకు చీలిన నిలకడ మడుగు. అడుగున మెత్తటి ఇసుక. వరద వచ్చినా కొట్టుకుపోవు. డిజాల్వ్‌డ్ ఆక్సిజన్, అంటే నీటిలో కరిగిన ప్రాణవాయువు, మీటరుతో మూడు పూటలు చూశాను. మూడు పూటలా బాగుంది.

మే 11న ఆదెమ్మ వచ్చింది. ఆ ఊరి రైతు మనిషి, యాభై దాటి ఉంటుంది. చేతిలో వెదురు బుట్ట, బుట్టలో ఆల్చిప్పలు. ఆ ఊళ్ళో వాటిని గుల్లలంటారు. బాతులకు కొట్టి పెడుతుందట. మేం మడుగులో నాటుతుంటే ఒడ్డున నిలబడి చూసింది.

"ఏటమ్మగోరూ, గుల్లలకి నెంబర్లేటి? ఓట్లేత్తాయా?"

పనివాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు.

"ఈ మడుగులో మాత్రం ఎయ్యకండి. ఈ నీరు మంచిది కాదు," అంది ఆదెమ్మ.

"చూశాను. బాగుంది," అని మీటరు చూపించాను.

"ఇయాల బాగుంటాది. ఎప్పుడూ ఉంటాదేటి?"

నేను ఆమె బుట్ట వైపు చూశాను. అందులో పదిహేడు ఉన్నాయి. మడుగు వద్దంటే నేను ఇంకెక్కడో లోతు తక్కువ చోట వేస్తాను, ఆమెకు ఏరుకోవడం తేలిక. నాకు అలా అనిపించింది. "నువ్వు వెళ్ళమ్మా" అన్నాను. ఆ సాయంత్రం నోట్‌బుక్‌లో రాసుకున్న వాక్యం ఇప్పటికీ ఉంది: "ఆదెమ్మ మడుగు వద్దంది. ఆల్చిప్పలు ఏరుకునే మనిషి. నమ్మనక్కర్లేదు."

నేను నమ్మని రెండో మనిషి అప్పలనాయుడు, కాంట్రాక్టరు తరఫు సూపర్‌వైజరు. మూడో పట్టీ కూడా మేం పూర్తి చేశాకే, మే 23న గట్టు మొదలుపెడతామని కాగితం మీద సంతకం చేశాడు. 19న ఒంట్లో బాగాలేక నేను ఇంట్లో ఉండి ఫోన్ చేశాను.

"ఇంకా మొదలెట్టలేదు మేడమ్. మీరు రాకుండా ఎలా మొదలెడతాం?"

అతని మాట వెనకాల ట్రాక్టరు మట్టి దింపుతున్న చప్పుడు వినబడింది. 20న వెళ్ళేసరికి గట్టు సగం వేసేశారు. మూడో పట్టీ దాని కింద ఉంది. వానలు ముంచుకొస్తున్నాయని, పైవాళ్ళు తిడుతున్నారని ఏవేవో చెప్పాడు. నేను తేదీ, సమయం రాసుకుని, ఫోటో తీసుకుని వచ్చేశాను. ఆ రోజు నుంచి అతను నిన్న ఆదివారం అన్నా నేను క్యాలెండరు చూసుకునేదాన్ని.

ఆరు నెలల తర్వాత మళ్ళీ లెక్క చూడాలి. డిసెంబరు 5న అదే నలుగురితో మడుగులో దిగాను. ఆ ముందు వారంలో రెండు వానలు పడ్డాయి, పైనీరు తేటగానే ఉంది. చెయ్యి అడుగుకు పెడితే నల్లటి బురద లేచింది, కుళ్ళు వాసన. తీసిన చిప్పల్లో దాదాపు అన్నీ నోరు తెరుచుకుని ఉన్నాయి. సాయంత్రానికి లెక్క: ట్యాగులున్న వాటిలో చచ్చినవి 203, బతికినవి 14. మిగిలిన 195 ఏమయ్యాయో తెలియదు.

మడుగు ఒడ్డున ఖాళీ సిమెంటు సంచులు పడి ఉన్నాయి. అప్పలనాయుణ్ణి పిలిపించాను.

"ఇక్కడ ఏం కడిగారు?"

"మిల్లరు కడిగాం మేడమ్." మిల్లరంటే కాంక్రీటు కలిపే యంత్రం. "జూలైలో ఒక్కసారే. అప్పుడు ఏరు నిండుగా ఉంది."

"మేలో కూడా ఇలాగే చెప్పావు."

"అది తప్పే. ఒప్పుకుంటాను. దీన్లో నాకేటీ సంబంధం లేదు. మీరు నా పేరు రాస్తే రేపటి నుంచి నన్ను పనిలో ఉంచరు మేడమ్. పదకొండేళ్ళయింది చేరి. మేం గుల్లల్ని ఎందుకు సంపుతాం?"

అబద్ధం చెప్పేవాళ్ళు ఇలాగే అంటారనుకున్నాను. ఇంటికి వచ్చి రిపోర్టు రాశాను. మరణాలకు కారణం, సిమెంటు కడిగిన నీరు. బాధ్యత, సైట్ సూపర్‌వైజరు. కనబడని 195 గురించి, స్థానికులు బాతుల కోసం ఏరుకుని ఉండవచ్చని ఇంకో వాక్యం చేర్చాను. 8న ఆఫీసులో ఇవ్వాలి.

7వ తేదీ పొద్దున్న, సంచిలో తెచ్చుకున్న చచ్చిన చిప్పలను పేరుద్దామని డాబా మీద పరిచాను. ముప్పై చిప్పల్లో ఇరవై రెండింటికి లోపల మాంసం పీలికలు ఇంకా అంటుకుని ఉన్నాయి. చిప్పల్ని కలిపి ఉంచే బందు ఎండలేదు, వేలితో నొక్కితే తిరిగి లేస్తోంది. జూలైలో చచ్చిన ఆల్చిప్పలో డిసెంబరు దాకా మాంసం నిలవదు. ఇవి చచ్చి నెల దాటలేదు. అప్పలనాయుడు అబద్ధాలకోరు కావచ్చు. ఈ తేదీ మాత్రం అతని వైపు ఉంది.

రిపోర్టు సంచిలో పెట్టుకుని మళ్ళీ ఆ ఊరు వెళ్ళాను. ఊరి మొదట్లో కంచెల మీద, గోడల మీద, తెల్లటి గోగునార వరసగా ఆరేసి ఉంది. ఆదెమ్మ నార విదిలిస్తోంది. ఆ వాసన తగలగానే ఆగాను. మడుగు బురదలో ఉన్నది ఇదే వాసన.

"ఆదెమ్మా, గోగు ఎక్కడ ఊరేశారు?"

"ఎక్కడేటి? మడుగులోనే. ఏటేటా అక్కడే. కార్తీకంలో కట్టలు దించి, పైన రాళ్ళు బరువెట్టి, ఇరవై రోజులకి తీత్తాం."

నార ఊడేందుకు గోగు కట్టలు అలా నానితే నీటిలో ప్రాణవాయువు హరించుకుపోతుంది. చేపలు తేలిపోతాయి. ఈ సంగతి నేను క్లాసులో చెప్పినదే. అయితే గోగు చెరువుల్లో, గుంటల్లో ఊరేస్తారని నా లెక్క. పారే ఏటిలో కట్టలు నిలవవు కదా అనుకున్నాను. నేను ఎంచింది పారని చోటని అప్పుడు గుర్తు రాలేదు.

"మరి మేలో ఈ మాట చెప్పలేదేం?"

"సెప్పబోతే ఎల్లమన్నారు కదేటి. మీ కాడ మిషినుంది, నా కాడ బుట్టుంది."

ఆమె నార పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది.

"కట్టలు దించిన నాలుగో రోజుకే మీ గుల్లలు ఒడ్డుకి పాకొచ్చీసినాయమ్మా, నోళ్ళు తెరుసుకుని. బుట్టలో ఏరి ఆ కింద పారే నీళ్ళలో ఇసిరీసినాను, రెండు మూడు రోజులు."

"బాతులకు వేయలేదా?"

"ఆ అంకెలు బాతుల గొంతుకి అడ్డం పడితే మీరొచ్చి బాగుసేత్తారా?"

ఆ మాటనూ నేను ఊరికే నమ్మలేదు. చీర ఎగదోపుకుని ఆమె చూపించిన చోట దిగాను. మోకాలి లోతు, జలజల పారే నీరు. తడిమిన మొదటి మీటరు మేరలోనే ఆరు ట్యాగులు, ఆరూ బతికి ఉన్నాయి. చీకటి పడే లోపల 121 లెక్కపెట్టాను. మడుగులో మిగిలిన 14ను మర్నాడు నేనూ ఆదెమ్మా తెచ్చి వాటి పక్కనే నాటాం. బతికినవి 135, చచ్చినవి 203, జాడ తెలియనివి 74. బతికిన నూట ముప్పై అయిదులో నా శాస్త్రం వల్ల బతికినవి ఆ పద్నాలుగే, అదీ ఎలా బతికాయో నాకు తెలియదు.

8న ఇవ్వాల్సిన రిపోర్టు 10న ఇచ్చాను. మరణాలకు కారణం, గోగు ఊరేసే మడుగును ఎంచడం. బాధ్యత, సర్వే చేసిన వ్యక్తి. కింద నా సంతకం. ఆఫీసులో ఇంజనీరు చదివి, "మీ మీద మీరే ఎందుకమ్మా, సహజ మరణాలు అని రాయండి, అందరికీ బాగుంటుంది" అన్నాడు. సహజం కానిదాన్ని సహజమని రాయనన్నాను.

గట్టు నాలుగు రోజులు ముందు మొదలుపెట్టిన సంగతి, దాని కింద పోయిన మూడో పట్టీ సంగతి మాత్రం ఆ రిపోర్టులో అలాగే ఉంచాను. అప్పలనాయుడికి మెమో వచ్చింది, ఉద్యోగం పోలేదు. తర్వాత కనబడినప్పుడు, "ఒకటి తీసేశారు, ఒకటి ఉంచేశారు మేడమ్" అన్నాడు.

"ఉంచింది నిజం," అన్నాను.

అనుమానించడం నా పనిలో భాగం, ఇప్పటికీ మానలేదు. నాకు ఆనాడు తెలిసింది, అనుమానం కలిగిన మనిషిని పంపేయకూడదని, ఇంకో ప్రశ్న అడగాలని. ఇప్పుడు నా సర్వే ఫారంలో ఒక గడి పెరిగింది: ఈ నీటిని ఏ నెలలో, ఎవరు, దేనికి వాడతారు. ముగ్గురిని అడిగి నింపుతాను. అందులో ఒకరు నేను నమ్మని మనిషి అయి ఉండాలి.

ఆ గడి మొదటిసారి నింపుకున్నది ఆదెమ్మ దగ్గరే. పన్నెండు నెలలూ వరసగా చెప్పించుకుని రాసుకుంటుంటే అడిగింది:

"ఇప్పుడు నమ్మినారేటి?"

"రాసుకున్నాను. కార్తీకంలో వచ్చి చూస్తాను."

"రండి," అంది ఆదెమ్మ, "ముక్కుకి గుడ్డ తెచ్చుకోండి."