మస్తాన్ కూర్చున్న గుంట

ఉదయగిరి దుర్గం కింద జరిగిన ఒక ఘోర సంగ్రామం గురించి రాయబోతున్నాను. ఏనుగులూ ఫిరంగులూ ఆశించేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. యుద్ధం ఒక నడుంనొప్పితో. శత్రుపక్షాన ఒక ముసలమ్మ.

ధాత కరువు దాటాక, 1878లో, నన్ను ఆత్మకూరు ఆసుపత్రికి హాస్పిటల్ అసిస్టెంటుగా వేశారు. కాంపౌండరుకు పైన, సర్జను దొరకు కింద ఉండే పదవి. రోగం కుదిరితే పేరు దొరది, కుదరకపోతే నాది. అప్పుడప్పుడు ఉదయగిరి క్యాంపు వెళ్లాలి.

అక్కడ మస్తాన్ అని కొయ్య గరిటెలు చెక్కేవాడు ఉండేవాడు. నడుం నుంచి మడమ దాకా ఎడమకాలు గుంజి, ఉలి పట్టలేక పడున్నాడు. చెక్కలేకపోతే ఇక రోడ్డు పనిలో కంకర కొట్టడమే గతి. ఆ నడుంతో కంకర కొడితే మళ్లీ లేవడు. వాణ్ని కంకరకు పోనివ్వకూడదని పట్టుపట్టాను.

నరం దారిన వేలితో నొక్కుతూ పోయి, రోగి ఎక్కడ కేక పెడతాడో చూడటం అప్పటి పరీక్ష. మస్తాన్ పిరుదు దగ్గరా, మోకాలి వెనకా, చీలమండ దగ్గరా నిజాయితీగా కేకలు పెట్టాడు. మేం దాన్ని సయాటికా అంటాం. ఊళ్లో మాత్రం కోట దయ్యం తన్నిందన్నారు. వాడి తల్లి వాత పెట్టడానికి కొడవలి పొయ్యిలో పెట్టేసింది.

"కాస్త ఆగవ్వా, దయ్యం ఎక్కడికీ పోదులే. ముందు వీడు పనికి ఎట్లా కూచుంటాడో చూడనీ," అన్నాను.

చూపించింది. వాడి తండ్రీ తాతా కూర్చుని కూర్చుని మట్టినేల గుంటపడింది. చెక్కేవాడి చోటు కొడుక్కి వస్తుంది. ఇల్లంతా అలికినా ఆ గుంట పూడ్చరు. అది ఒక పక్కకు వాలి ఉంది. మస్తాన్ అందులో ఒరిగి, కాలివేళ్లతో కొయ్య తొక్కిపట్టి, నడుం వంచి, పక్కకు మెలితిరిగి పొద్దస్తమానం చెక్కేవాడు. దానికితోడు కొండ మీంచి దుంగలు ఒకే భుజాన దింపేవాడు. కండను కరువు ముందే తినేసింది. ఇక దయ్యానికి పనేమీ మిగల్లేదు.

గుంట పూడ్చమన్నాను.

"మా ఆయన కూచున్న చోటయ్యా అది! ఆయనకి రాని నొప్పి వీడికి ఎట్లా వచ్చినాది?" అంది.

"రాలేదా?" అన్నాడు మస్తాన్, పడుకునే. "రోజూ నాయన నడుం తొక్కింది ఎవురు, నేను కాదా? నీకు చెప్పొద్దన్నాడమ్మా."

ముసలమ్మ పొయ్యిలోంచి కొడవలి తీసింది. నా కోసమేమోనని అడుగు వెనక్కి వేశాను. ఆమె దాన్ని నీళ్లలో చల్లార్చి, దాంతోనే గుంట అంచులు గీకి పూడ్చడం మొదలుపెట్టింది.

వేడి కాపడం, కొన్నాళ్లు పడక, ఆ పైన పీట మీద కూర్చుని ఎదురుగా మొద్దు పెట్టుకుని చెక్కడం. ఇదీ నా వైద్యం. తర్వాతి క్యాంపుకు వెళ్లేసరికి మస్తాన్ గరిటెలు చెక్కుతున్నాడు.

"నొప్పి పోయిందా రా?"

"ఉండాదయ్యా. కాకుంటే ఇప్పుడు మడమ దాకా పోడం ల్యా, తుంటి కాడే కూచునుండాది."

ఆ తర్వాత సర్వీసంతా, నడుంనొప్పి అని వచ్చినవాళ్లను ఎట్లా కూర్చుంటారో, ఏం మోస్తారో ముందు అడిగాను. మందు తర్వాత ఇచ్చాను. కూర్చుని పనిచేసేవాళ్లకు చెప్పింది ఒకటే: పీట మోకాలెత్తు ఉండాలి. నాలుగు కాళ్లూ నేలకు సమంగా ఆనాలి.