అన్న మృదంగానికి తడి రవ్వ

పోపు వేగి, ఎసరు మసులుతోంది. రవ్వ పళ్లెం గిన్నె మీదికి వంచబోతున్నాను. అప్పుడు ముందు గదిలో మృదంగం ఎడమ పక్క ఒక్కసారి మోగింది. బరువుగా, లోతుగా, ఒకే ఒక్క దెబ్బ. తరవాత ఏమీ లేదు. బయట వాన చప్పుడు తప్ప.

పిల్లలు కొట్టారేమో అని ఎవరైనా అనుకుంటారు. నాకు ఆ ఆలోచనే రాలేదు. ఆ దెబ్బ ఎవరిదో నాకు తెలుసు. ఆ మనిషి పోయి అప్పటికి చాలా ఏళ్లయింది.

నేను దయ్యాల్ని నమ్మే మనిషిని కాదు. మా నాన్న చర్చి బడిలో టీచరు. మా ఇంట్లో దయ్యం మాట ఎత్తితే ఆ పూట చీవాట్లే. డిగ్రీలో బోటనీ చదివాను. చీకట్లో పెరట్లోకి పోవడానికి కూడా ఎప్పుడూ జంకలేదు. ఇప్పుడు పిల్లలు పడుకున్నాక దీపం దగ్గర పెట్టుకుని ఇది రాస్తున్నాను. మధ్యమధ్య లేచి వాళ్ల ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటున్నాను.

మా అన్న పేరు ప్రభాకర్. వరంగల్లోనే సంగీత కళాశాలలో మృదంగం నేర్చుకున్నాడు. ఆదివారాలు చర్చిలో నేను పాడితే తను వాయించేవాడు. నాకొక చెడ్డ అలవాటు. చరణం అయిపోయి పల్లవికి వచ్చేటప్పుడు తాళం కంటే ముందు పరిగెత్తేదాన్ని. అప్పుడు అన్న రెండు చేతులూ ఆపేసి, ఎడమ పక్క ఒక్క దెబ్బ వేసేవాడు. ఆగు అని దానర్థం. అది ఏ పాఠంలోనూ లేదు. మా ఇద్దరికే తెలిసిన గుర్తు. వినేవాళ్లు అదీ వాయింపులో భాగమే అనుకునేవాళ్లు.

మృదంగం సంగతి తెలియని వాళ్లకి ఒక మాట చెప్పాలి. దాని ఎడమ మూతకి, వాయించే ముందు, బొంబాయి రవ్వ తడిపి ముద్దగా అంటిస్తారు. ఆ తడి బరువు ఉంటేనే అటుపక్క లోతైన నాదం వస్తుంది. లేకపోతే అట్ట మీద కొట్టినట్టు పొడిగా మోగుతుంది. వాయించడం అవగానే ఆ రవ్వ గీకేసి, తుడిచి, గుడ్డ సంచిలో పెట్టి ముడివేస్తారు.

అన్న పచ్చకామెర్లతో పోయాడు. పెద్ద దవాఖానలో, ఒక వానాకాలం. ఆ తరవాత ఏడాది పైన నేను పాడలేదు. చర్చిలో అందరితో కలిసి పాడేటప్పుడు కూడా ఊరికే పెదవులు కదిపేదాన్ని. ఇంట్లో ఆ మృదంగం చూడలేక నాన్న, దాన్ని కళాశాలలో ఎవరైనా పేద పిల్లవాడికి ఇచ్చేద్దామన్నాడు. రిక్షాలో ఒళ్లో పెట్టుకుని తీసుకుపోయాను.

అన్నకు చెప్పిన సారు దాన్ని నా చేతుల్లోంచి తీసుకుని, "ఇచ్చుడు సరే బిడ్డా, మరి నువ్వెప్పుడు చేరుతవ్? గొంతును గట్ల పెట్టెల దాస్తే ఖరాబైతది" అన్నాడు. ఆ నెలే గాత్రంలో చేరాను.

మృదంగం రవీందర్ అనే సీనియర్‌కి ఇచ్చారు. కేసముద్రం దగ్గర రైతుల పిల్లవాడు, సొంత మృదంగం లేదు. నేను అతని వైపు చూసేదాన్ని కాదు. అతను మంచివాడు కాదని కాదు. అతని ఒళ్లో ఉన్నది మా అన్న మృదంగం.

చేరిన కొత్తలోనే ఒక మధ్యాహ్నం గదిలో సారు, రవీందర్, నేను ముగ్గురమే ఉన్నాం. రవీందర్ కుడి పక్క శ్రుతి చేస్తున్నాడు. సారు కళ్లు మూసుకుని, నన్ను సా పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. ఆ సా ఎప్పుడు పాటలోకి జారిందో నాకు తెలియదు. అన్నతో పాడే కీర్తన అది. ఏడాది తరవాత నా గొంతు నాకే వినిపిస్తోంది. చరణం అయింది. ఎప్పట్లాగే పరిగెత్తాను.

ఎడమ పక్క లోతుగా ఒక్క దెబ్బ పడింది.

నేను ఆగిపోయాను. "అట్ల కొట్టాలని మీకెవరు చెప్పిండ్రు?" అని అడిగాను.

రవీందర్ ముఖం పాలిపోయి ఉంది. "నేను కొట్టలే. రెండు చేతులు ఇటు పక్కనే ఉన్నయి. చూడుండ్రి, ఇంక రవ్వ కూడ పెట్టలే" అని మృదంగం తిప్పి చూపించాడు. ఎడమ మూత పొడిగా ఉంది. ఎండిన రవ్వ పొక్కు కూడా లేదు.

సారు కళ్లు తెరవకుండానే, "మంచిగ ఆపినవ్ రా రవీందర్. ఈ పిల్ల ఉరుకుడుకు గట్లనే పగ్గమెయ్యాలె" అన్నాడు.

అంటే విన్నది నేనొక్కదాన్నే కాదు. ముగ్గురం విన్నాం.

సారుకి మేం ఏమీ చెప్పలేదు. ఇంకెవరికీ చెప్పుకోలేని సంగతి కాబట్టి మేమిద్దరం ఒకరితో ఒకరం మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. బస్టాపు దాకా నడిచేవాళ్లం. ఒకరోజు రవీందర్, "మీ అన్న నాకు పరీక్ష పెట్టిండు. పాసైన్నా, ఫెయిలైన్నా?" అన్నాడు. "రిజల్టు ఇంక రాలే" అన్నాను. అన్న పోయాక నేను నవ్వడం అదే మొదలు. మా ప్రేమ అలా భయంలోంచే పుట్టింది. వాళ్లింట్లో దేవుళ్లు, మా ఇంట్లో చర్చి. పెద్దవాళ్ల అలకలు తీరి పెళ్లయ్యేసరికి రెండేళ్లు పట్టింది.

రవీందర్‌కి ఉద్యోగం వచ్చి సొంత మృదంగం కొనుక్కున్నాక అన్న మృదంగం మా ఇంట్లోనే ఒక మూల ఉండిపోయింది. పండక్కో పబ్బానికో తీసి తుడిచేవాళ్లం, అంతే. ఆ దెబ్బ మళ్లీ ఎప్పుడూ వినిపించలేదు. పిల్లలు పుట్టాక నేనూ దాని గురించి తలచుకోవడం మానేశాను. మా అమ్మాయి ప్రేమకి ఐదేళ్లు, బాబుకి రెండు. వాళ్లకి మామ ఒకడుండేవాడని కూడా చెప్పలేదు. చెబితే ఎలా పోయాడో చెప్పాలి. చిన్నపిల్లల ముందు చావు మాట ఎందుకని.

ఇప్పుడుండేది కొత్తవాడలో, రెండు గదుల అద్దె ఇల్లు. చుట్టూ జంపఖానాలు నేసేవాళ్లు. పొద్దంతా మగ్గాల చప్పుడు. ఆ వారం ముసురు పట్టి మగ్గాలు కూడా ఆగాయి. వానకి ఎలుకలు ఇళ్లలోకి ఎగబడ్డాయి. రవ్వ వాసనకి అవి మృదంగాన్ని వదలవు. రవీందర్ మృదంగం తోలు పట్టీ ఒకటి కొరికేశాయి. దాన్ని బాగుచేయించుకుని ఆ పొద్దున్నే కేసముద్రంలో పెళ్లి కచేరీకి వెళ్లాడు.

మధ్యాహ్నం పిల్లలు ఉప్మా అడిగారు. వంటింట్లో రవ్వ లేదు. వానలో పిల్లల్ని వదిలి అంగడికి పోలేను. మృదంగానికని ముందు గది అల్మారాలో రవీందర్ రవ్వ పెట్టుకుంటాడు. అది తెచ్చి ఉప్మా చేసుకోవడం మా ఇంట్లో కొత్త కాదు. "నా వాద్యం నోట్లె మట్టి కొడ్తున్నవ్" అని ఆయన ఎన్నోసార్లు నవ్వాడు. చిన్న డబ్బా ఖాళీగా ఉంది. దాని వెనక బిస్కెట్ డబ్బాలో బోలెడు రవ్వ కనబడింది. బతికాననుకున్నాను. నాకు జలుబు చేసి మూడు రోజులుగా ఏ వాసనా తెలియడం లేదు.

ఆ రవ్వే పళ్లెంలో పోసుకుని పొయ్యి దగ్గర నిలబడ్డప్పుడు ఆ దెబ్బ పడింది.

పళ్లెం కింద పెట్టి ముందు గదిలోకి పరిగెత్తాను. పిల్లలిద్దరూ చాప మీద ఆకలితోనే నిద్రపోయారు. మృదంగం మూలన సంచిలోనే ఉంది. ముడి నేను వేసినట్టే ఉంది. కాని సంచికి ఎడమ పక్క గుండ్రంగా తడి మచ్చ ఉంది.

పైకప్పు చూశాను. కారడం లేదు. గోడ తడిమాను. పొడిగానే ఉంది. ముడి విప్పి చూస్తే ఎడమ మూత మీద రవ్వ ముద్ద. అప్పుడే అంటించినట్టు తడిగా, మెరుస్తూ. అంచులు బొటనవేలితో నొక్కి సరిచేసినట్టు ఉన్నాయి. అన్న అలాగే నొక్కేవాడు.

అప్పుడు నాకు అన్న మీద ప్రేమ కలగలేదు. నిజం రాస్తున్నాను. తను ఎన్నడూ చూడని నా పిల్లల పక్కన, వాళ్ల తలలకు మూరెడు దూరంలో, తను కూర్చుని ఉన్నాడనిపించింది. వాళ్లని పిలవడానికి వచ్చాడనిపించింది. బాబుని చంకనేసుకుని, ప్రేమని రెక్క పట్టుకుని వానలోకి ఉరికాను.

ఎదురింటి లచ్చవ్వ మగ్గం మీద గుడ్డ కప్పుతోంది. "ఏందే బిడ్డ, పులి ఎంబడి వడ్డట్టు ఉరికొస్తన్నవ్?" అంది.

"పొయ్యి మీద గిన్నె ఉంది అవ్వా. నేను ఆ ఇంట్లకు పోను."

"నువ్వు పోకుంటె గిన్నె ఒస్తదా? కూసో, నేను దించొస్త" అని వెళ్లి పొయ్యి ఆర్పి వచ్చింది. పిల్లలకి అన్నంలో పచ్చిపులుసు పోసి పెట్టింది.

దీపాలు పెట్టే వేళకి రవీందర్ వచ్చాడు. ఆయన వెనకే మేమూ ఇంట్లోకి వెళ్లాం. వంటింటి గడపలోనే ఆగి ముక్కు మూసుకున్నాడు.

"ఈ పళ్లెంల రవ్వ ఏడిది?"

"నీదే. బిస్కెట్ డబ్బాల."

"తిన్నరా? పిల్లలు తిన్నరా?"

"లేదు."

"నువ్వు?"

"ఎవ్వలం తినలే. ఏమైంది?"

పత్తికి చల్లే తెల్ల పొడి మందు వాళ్ల నాన్న దగ్గర్నుంచి తెచ్చి, ఎలుకలకని రవ్వలో కలిపి పెట్టాడట. "నీకు చెప్పే పోదామనుకున్న. బస్సు హారన్ కొట్టంగనే ఉరికిన" అన్నాడు. బాబుని దగ్గరికి లాక్కుని, వాడి నోరు తెరిచి చూశాడు. వాడు ఆటనుకుని నవ్వాడు.

ఆ తరవాత మృదంగం చూపించాను. రవీందర్ ఆ ముద్దని కొంచెం గీకి వాసన చూశాడు. వేళ్ల మధ్య నలిపాడు. మంచి రవ్వ. మందు లేదు. ఆ రోజు మా ఇంట్లో మందు కలవని రవ్వ పిడికెడు కూడా లేదు. ఆయన ఆ మృదంగం ముట్టుకోక చాలా రోజులైంది. ప్రేమకి ఆ ముడి విప్పడం రాదు. ఎంత ఆలోచించినా నాకు తోచలేదు. ఇప్పటికీ తోచడం లేదు. మందు రవ్వని పెరట్లో లోతుగా గుంట తీసి పూడ్చాం. రాత్రంతా దీపం ఆర్పలేదు. మేలే జరిగింది కదా అని రవీందర్ అంటాడు. అవును. కాని ఆ మేలు చేసినవాడు మా గదిలో ఉన్నాడు. మిగతా రోజుల్లో ఎక్కడుంటాడో మాకు తెలియదు.

తెల్లారి కంచాల్లో అన్నం పెట్టి, పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని మొదటిసారి చెప్పాను. "మీకొక మామ ఉండె. పాటల నేను ఉరికితే ఆపేటోడు. ఇంట్ల ఎవ్వలు కొట్టకుంటనే మృదంగం మోగితే, చేతుల ఏమున్నా కింద పెట్టి, తమ్ముని తీస్కొని లచ్చవ్వ ఇంటికి ఉరకాలె."

ప్రేమ బుద్ధిగా తలూపింది. "రెండోసారి కొడితే గూడ ఉరకాలెనా? నిన్న కొట్టినట్టు?" అని అడిగింది.

నేను విన్నది ఒక్కటే. రెండో దెబ్బ ఇంక దేన్ని ఆపడానికో నాకు తెలియదు. దాని కంచంలో ఉన్న అన్నం నా వైపు లాక్కుని, మొదటి ముద్ద ముందు నేను తిని చూశాను.

"ఎన్నిసార్లు కొట్టినా ఉరకాలె బిడ్డా" అని చెప్పాను.