పలాస ప్లాట్‌ఫాం మీద ఐసు

రెండువేల దశకం చివర్లో నేను విశాఖలో పరిశోధన విద్యార్థినిని. ఊరు టెక్కలి. చేప తిరిగిన నీళ్లలో దాని జిగురు, పొలుసుల నలకలు మిగిలిపోతాయి. వాటిలోని డీఎన్ఏని పట్టుకుంటే వల వేయకుండానే అక్కడ ఏ చేప ఉందో చెప్పొచ్చు. ఆ పద్ధతి అప్పుడప్పుడే వస్తోంది. నా పరిశోధనకు గైడుగా ఉన్న మేడమ్‌కి దాని మీద గట్టి నమ్మకం, నాకు అంతంతమాత్రం.

బారువలో ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర నీళ్లు పట్టాను. నన్ను తెప్ప మీద తీసుకెళ్లిన పెద్దాయన, కొన్నేళ్లుగా ఆ మొగలో పండుగప్ప పడటం లేదని, ఇక లేనట్టేనని చెప్పాడు. దూరమైపోయిన చుట్టం గురించి చెబుతున్నట్టుంది ఆ గొంతు.

సీసాలు ఐసు పెట్టెలో సర్దుకుని పలాస స్టేషన్‌కి వచ్చేసరికి రైలు ఆలస్యమన్నారు. ఎండ మండుతోంది. నీళ్లు వేడెక్కితే శ్రమంతా వృథా. నేను మాటిమాటికీ మూత తీసి చూసుకోవడం పక్కన చేపల బుట్టతో కూర్చున్నామె గమనించింది.

"ఐసు కావాలేటమ్మా? నా బుట్టలోది తీస్కో."

వద్దన్నాను. ఆమె మొహం చిన్నబోయింది. చేపలకు తగిలిన ఐసు సీసాకి అంటితే నా పరీక్ష తప్పు చెబుతుందని కంగారుగా వివరించాను. ఆమె నవ్వింది.

"అయితే నా సేపలు నీ సీసాల్లోకి ఈదేత్తాయన్నమాట. బయట కూల్‌డ్రింకు కొట్టుంది, ఎల్లు. రైలొత్తే నేను కేకేత్తాను."

పరుగెత్తి పెట్టె నింపుకొచ్చాను.

ఫలితం కోసం ఎదురుచూసిన రోజుల్లో నా ధ్యాసంతా ఒక్క సీసా మీదే. దారిపొడవునా ఆ సీసాల పక్కనే శుభ్రమైన నీళ్ల సీసా ఒకటి పెట్టుకొచ్చాను. అందులో చేప జాడ కనిపించిందంటే ప్రయాణంలో అన్నీ పాడైనట్టే. మేడమ్ పిలిచి ముందు దాని సంగతే చెప్పింది. అందులో ఏమీ లేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాను. మొగ నీళ్లలో మాత్రం పండుగప్ప ఆనవాలు స్పష్టంగా ఉంది.

తర్వాత బారువ వెళ్లినప్పుడు పెద్దాయనకి చెప్పాను. ఎన్ని ఉన్నాయని అడిగాడు. అది చెప్పలేనని, ఉన్నట్టు మాత్రం తెలిసిందని అన్నాను.

"ఉంది గదా. అది సాలు," అన్నాడు. చేతిలో బాగుచేస్తున్న వల పక్కన పెట్టి లేచాడు. "రా, మా ఇంటిదానికి నువ్వే సెప్పు. నేను సెప్తే నమ్మదు."

ఇసుకలో ఆయన వెనకే నడిచాను.