మొదటి చేప ఎవరు తిన్నారు?

ఈ రోజు పొద్దున కరీంనగర్‌లో మానేరు కట్ట మీద నిలబడి ఉండగా, కింద నీళ్ళలో ఒక ముసలాయన తెడ్డుతో పడవ అంచును కొట్టాడు. టక్, టక్. తెడ్డుకు అంటుకున్న నాచు దులపడానికే కొట్టాడని తెలుస్తూనే ఉంది. అయినా నా చూపు పడవను వదిలేసి దాని వెనకున్న నీళ్ళ మీదికి పోయింది. ఎవరైనా తల ఎత్తుతారేమోనని అలాగే నిలబడ్డాను. మా డ్రైవర్ జీపు తలుపు తెరిచి పట్టుకుని, "ఏం జూస్తున్నరు మేడం, నీళ్ళల్ల ఏమన్నా పడ్డదా?" అని అడిగాడు. ఏమీ పడలేదన్నాను. ఆ చప్పుడు వినబడితే సమూయేలు సారు పక్కనే కూర్చుని పల్లీలు ఒలుస్తున్నట్టు అనిపిస్తుంది నాకు. ఆయన పోయి కొంతకాలమైంది. ఆయనను ఎరగని వాళ్ళకు ఆయన గురించి చెప్పాలంటే ఆ చప్పుడు దగ్గరే మొదలుపెట్టాలి.

మాది జమ్మికుంట. మా అబ్బా పత్తి మార్కెట్ యార్డులో ఒక వ్యాపారి దగ్గర గుమాస్తా. మా ఇంట్లో చేప వండడమే అరుదు. అలాంటి ఇంటి నుంచి నస్రీన్ అనే పిల్ల మత్స్యశాఖలో ఉద్యోగం తెచ్చుకుని ఆసిఫాబాద్ పోయిందంటే మా చుట్టాలకు ఇప్పటికీ వింతే. అక్కడ నా పై అధికారి సమూయేలు సారు. ఆయనది ఆ పక్క ఊళ్ళోనే మెథడిస్టు సంఘం కుటుంబం. వాళ్ళ బాపు వారమంతా వ్యవసాయం చేసి ఆదివారం చర్చిలో గంట కొట్టేవాడట. సారు మనిషి పొట్టి. చొక్కా జేబు ఎప్పుడూ వేయించిన పల్లీలతో ఉబ్బి ఉండేది. ఇంకో సంగతి, ఆయనకు ఈత రాదు. మత్స్యశాఖలో జుట్టు నెరిసిన మనిషికి ఈత రాదంటే ఎవరూ నమ్మరు గానీ, పడవ ఎక్కితే రెండు చేతులతో అంచు గట్టిగా పట్టుకుని, ఒడ్డు చేరేదాకా ఏదో కీర్తనలో మొదటి చరణమే మళ్ళీ మళ్ళీ కూనిరాగం తీసేవారు. రెండో చరణం నేనెప్పుడూ వినలేదు.

నేను చేరిన కొత్తలో ఒక కుంటలో చేపలు చచ్చి తేలాయి. పోయి వచ్చి, ఎగువ పొలంలో కొట్టిన మందు నీళ్ళు దిగడం వల్లనే అని చెప్పాను. సారు తల ఎత్తకుండానే, "జూసినవా, ఇన్నవా?" అన్నారు. విన్నానని చెప్పాను. "ఎవల దగ్గర?" కుంట కాపలాదారు దగ్గర అన్నాను. "అయితే గది ఆయన మాట బిడ్డా. నీ మాట రేపు చెప్పు." నాకు ఒళ్ళు మండింది. మర్నాడు మళ్ళీ పోయి చూస్తే ఎగువ పొలంలో మందు కొట్టనే లేదు. చేపలు ఎందుకు చచ్చాయో తేలడానికి ఇంకొన్ని రోజులు పట్టింది. ఆ రోజులన్నీ సారు పండగ ముందు పిల్లవాడిలా ఉషారుగా తిరిగారు.

ఆయనను నాకు పూర్తిగా చూపించింది మాత్రం ప్రాజెక్టు గొడవ. ఆసిఫాబాద్‌కు అవతల అడవి అంచున ఒక ప్రాజెక్టు ఉంది. ఆ నీళ్ళలో వల వేసే హక్కు కట్ట కింది ఊరి మత్స్య సంఘానిది. జైనూర్ వైపు గుట్టల మీంచి వాగు వచ్చి ఆ నీళ్ళలో కలిసే మూల ఒకటుంది. అక్కడ గోండు గూడెం వాళ్ళు గాలాలు వేసుకుంటారు. కట్ట కట్టకముందు ఆ వాగు వాళ్ళదే. కాగితం మీద వాళ్ళకు ఏ హక్కూ లేదు. ఎవరూ వద్దనలేదు కాబట్టి సాగుతోంది, అంతే. ఆ ఏడు వానలు వెనకబట్టాక సంఘం వాళ్ళ వలలు చినగడం మొదలైంది. వలలో చేప ఉండాల్సిన చోట తలకాయ మాత్రమే మిగులుతోంది. సంఘం అధ్యక్షుడు పోశన్న పది మందిని వెంటేసుకుని ఆఫీసుకు వచ్చాడు.

"గూడెపోళ్ళు తెప్పలేస్కొని వచ్చి మా వలలల్ల చేపలు తీస్కపోతున్నరు సారు. అడిగితె నీటికుక్కలు తిన్నయంటరు. గా గాలాలు బంద్ చేయిండ్రి" అన్నాడు.

వెనక నిలబడ్డ అతని తమ్ముడి కొడుకు, "కుక్కలే అయితె గవాటికి సుత మందు పెడ్తం" అని అందుకున్నాడు.

సారు పల్లీలు వాళ్ళ ముందుకు జరిపారు. "పోశన్నా, గూడెపోళ్ళు తీస్కపోంగ జూసినవా, ఇన్నవా?"

"జూసుడేంది సారు, వలలు జూస్తె తెలుస్తలేదా?"

"నాకైతె తెలుస్తలేదు" అన్నారు సారు, నిజంగానే తెలియనట్టు. నాకూ ఒక అనుమానం తగిలింది. దొంగే అయితే తలకాయ వదిలేసి పోతాడా? పులుసులో అసలు రుచి దానిదే కదా. కానీ పై ఆఫీసు నుంచి తొందరగా తేల్చమని ఫోన్లు వస్తున్నాయి. గాలాలు ఆపమని సారు ఒక్క మాట రాస్తే చాలు, ఆ మూల గూడెం వాళ్ళకు కాకుండా పోతుంది.

మర్నాడు ఎండ రాకముందే వాగు కలిసే చోటికి పోయాం. అక్కడ సోంబాయి అనే ఆమె వెదురు గాలం వేసుకుని గట్టు మీద కూర్చుని ఉంది. గూడెంలో గాలం పట్టేవాళ్ళందరికీ పెద్ద దిక్కు ఆమే. సారు ఆమె పక్కన చతికిలబడి, దొంగతనం ఊసే ఎత్తకుండా ఎర గురించి అడగడం మొదలుపెట్టారు. ఎర్రలు ఎక్కడ తవ్వుతారు, ఏ చెట్టు కింద, జెల్లకు ఏది ఇష్టం, కొర్రమట్టకు ఏది. ఆమె విసుగు లేకుండా చెప్పింది. చివరికి ఆమే ఉండబట్టలేక అసలు మాట ఎత్తింది.

"గాలం బంద్ చేస్తరట గద సారు. వానలు పోయినంక ఎండలు ముదిరేదాక మాకు కూర గిదే. గిది తీసేస్తె పిల్లలకు ఉప్పు కారంతోనే బువ్వ."

"తెప్పలేస్కొని లోపలికి పోతరంటున్నరు అక్కా?"

ఆమె నవ్వింది. "మాకు తెప్పలేడియి? నీళ్ళ లోపలికి పోవుడంటెనే నాకు భయం."

"నాకు సుత" అన్నారు సారు, చుట్టం దొరికినంత సంబరంగా. ఆ తర్వాత నీటికుక్కలు ఇటు వస్తాయా అని అడిగారు. ఎప్పుడో ఒకటి వచ్చి పోతుందని, పొద్దున పూట మాత్రం అన్నీ కట్ట దిక్కే ఈదుకుంటూ పోతాయని ఆమె చెప్పింది. "ఎందుకు?" అంటే, "నాకేం ఎరుక సారు. ఆడ ఏమున్నదో మీరే జూడుండ్రి" అంది.

తిరిగి వస్తూ జీపులో సారు ఆ ఒక్క ముక్కనే పట్టుకున్నారు. చేపలు ఎక్కువ ఉండేది వాగు కలిసే చోట. నీటికుక్కలేమో చేపలు తక్కువున్న కట్ట వైపు పోతున్నాయి. ఏం పని వాటికి అక్కడ? మంచి ప్రశ్న దొరికిన రోజు ఆయనకు ఆకలి కూడా ఉండేది కాదు. జేబులో పల్లీలన్నీ నాకే ఇచ్చేశారు.

తర్వాతి పొద్దున కట్ట మీద కూర్చున్నాం. దాక్కోలేదు, ఊరికే కూర్చున్నాం. పోశన్న పడవ ముందు కదిలింది. రాత్రి వేసి ఉంచిన వలల్లో ఒడ్డుకు దగ్గరగా ఉన్నదాన్ని మొదట ఎత్తారు. అందులో చిక్కిన మొదటి చేప గంగమ్మది. అది వాళ్ళ తాతల నాటి ఆచారం. నీళ్ళ అంచున ఉన్న బండ మీద ఆ చేపను పెట్టి, గంగమ్మకు తెలిసేలా తెడ్డుతో పడవ అంచును కొడతారు. టక్, టక్. తర్వాత మిగిలిన వలల వైపు సాగిపోతారు. ఇచ్చాక వెనక్కి తిరిగి చూడకూడదు. పోశన్న చూడలేదు. పడవలో ఎవరూ చూడలేదు. మేం చూశాం.

చప్పుడు ఆగిందో లేదో నీళ్ళలో నల్లటి తల ఒకటి లేచింది. పక్కన ఇంకొకటి. మీసాలు, చిన్న చెవులు, తడిసి మెరిసే వీపులు. బండ ఎక్కి చేపను పంచుకుని తిన్నాయి. తినడం అయ్యాక నెమ్మదిగా నీళ్ళలోకి జారి, పడవ ఎటు పోయిందో అటే, మిగతా వలల వైపే ఈదుకుంటూ పోయాయి. నేను లేచి కేకేయబోయాను. సారు నా చేయి పట్టుకుని గుప్పెడు పల్లీలు పోశారు. "కూసో బిడ్డా. పోంగ జూడు, ఎంత మంచిగ ఈదుతున్నయో."

జీపు ఎక్కాక నేను ఆగలేకపోయాను. "ఇప్పుడే పోయి చెప్తె అయిపోతది కద సార్, గా చేప పెట్టుడు బంద్ చెయ్యిమని."

"నా పేరేంది?" అన్నారు.

"సమూయేలు సార్."

"నీ పేరు?"

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. "మనిద్దరం పోయి గంగమ్మకు పెట్టకుండ్రి అంటె, రేపటి సంది కుక్కల ముచ్చట ఎవ్వలు మాట్లాడరు. మన ముచ్చటే మాట్లాడ్తరు. గా లొల్లిల గాలాలు పోతయి, కుక్కలు పోతయి. మనం జూసినం, వాళ్ళు జూడలే. ఉన్న ఫరక్ గదొక్కటే."

ఆ మర్నాడు సారు పోశన్నను పడవ ఎక్కనివ్వలేదు. "ఇయ్యాల మీ పిలగాండ్లను పొమ్మను. నువ్వు నా దగ్గర కూసో. ఒక్కన్నే నీళ్ళ పక్కన కూసోవాలంటె నాకు భయమైతది" అన్నారు. పోశన్న పగలబడి నవ్వి కూర్చున్నాడు. అది సాకే గానీ అబద్ధం కాదు. పడవ బండ దగ్గరికి పోయింది. చేప పెట్టారు, తెడ్డు మోగింది. పోశన్న అలవాటుగా మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఎనకకు జూడొద్దంటరు గద, అందరు జూడొద్దా, ఇచ్చినోడు జూడొద్దా?" అని సారు అడిగారు. ఆ అడగడంలో ఎత్తిపొడుపు లేదు. ఆయనకు నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

"ఇచ్చినోడే" అని, పోశన్న మెల్లగా తల బండ వైపు తిప్పాడు.

ఆ రోజు తల్లి వెంట పిల్లలు కూడా వచ్చాయి. ఒక పిల్ల బండ మీంచి జారి పడి మళ్ళీ ఎక్కింది. పోశన్న గొంతుక్కూర్చున్నవాడు అలాగే ఉండిపోయాడు. అవి పడవ వెనకాలే ఈదుకుంటూ పోవడం కూడా చూశాడు. "ఇన్నేండ్ల సంది మేమే పిలిచి బువ్వ పెడ్తున్నమా?" అన్నాడు. సారు జేబులోంచి పల్లీలు తీసి ఒలిచారు. ఒలిచిన పల్లీలు అతని చేతిలో పెట్టారు, అంతే.

పడవ ఒడ్డుకు వచ్చాక సంగతి విని తమ్ముడి కొడుకు ఎగిరాడు. "జెప్పలేదా పెద్దబాపు, కుక్కలే అయితె గవాటిని ఇడువమని? రేపే మందు పెడ్తం."

పోశన్న లేచి నిలబడ్డాడు. "గంగమ్మ వంతు తినేటోళ్ళకు మందు పెడ్తవార?" ఆ గొంతు విన్నాక ఇంకెవరూ మందు మాట ఎత్తలేదు. గంగమ్మ చేపను వలలన్నీ తీశాక ఇవ్వాలని, కట్ట దగ్గర కాకుండా అవతలి ఒడ్డున పెట్టాలని సంఘం వాళ్ళే కూర్చుని తేల్చుకున్నారు. మొదటిది కాకపోయినా ఆ రోజు పడిన వాటిల్లో పెద్దది ఇద్దామన్నారు. వలలు చినగడం పూర్తిగా ఆగిందని చెప్పను గానీ బాగా తగ్గింది. గాలాల ఫిర్యాదు వాళ్ళే వెనక్కి తీసుకున్నారు. పోశన్న వాగు దాకా నడిచిపోయి సోంబాయిని కలిశాడని తెలిసి, ఏమన్నాడని సారు ఆమెను అడిగారు. "ఏమన్లే సారు. ఎర్రలు ఏడ దొరుకుతయని అడిగిండు" అంది ఆమె, గాలం మీంచి చూపు తిప్పకుండా.

సారు పోయినప్పుడు చర్చి వెనక సమాధుల తోటలో అందరం పిడికెడు మట్టి వేశాం. పోశన్న కూడా వచ్చాడు. మట్టి వేసి, చేతులు దులుపుకోకుండా, వెనక్కి ఒక్కసారైనా చూడకుండా గేటు దాటి పోయాడు. అతను ఎందుకు చూడలేదో ఆ గుంపులో నాకొక్కదానికే తెలుసు. నాకు అక్కడే ఏడుపు ఆగలేదు. నేనూ మట్టి వేశాను. కానీ గేటు దగ్గర ఆగి వెనక్కి చూశాను. చూడకుండా పోయి ఉంటే ఆయన దగ్గర పని చేసినట్టే కాదు.

ఇప్పుడు నా దగ్గరికి ఫిర్యాదులతో వచ్చేవాళ్ళను నేనూ చూశారా, విన్నారా అని అడుగుతాను. అది తేలికే. జవాబు తెలిశాక కూడా నోరు మూసుకుని ఎదుటివాడి పక్కన కూర్చోవడం ఉంది చూశారా, అది ఆయనకే చెల్లింది. నాకు ఇంకా కష్టంగానే ఉంది. మానేరు మీద ముసలాయన పడవ దూరమైంది. నీళ్ళలో ఎక్కడో ఒక సుడి లేచి ఆగినట్టు అనిపించింది. డ్రైవర్ ఇంకా తలుపు పట్టుకునే ఉన్నాడు.

"ఏమున్నది మేడం ఆడ?"

"నాకు సుత తెల్వది. కూసో, చూద్దాం" అని సంచిలోంచి పల్లీలు తీసి సగం అతని చేతిలో పోశాను.