యోబుగారికి చెప్పే మాట

అంతోని పోలీసు కుక్కల వెంట ముప్పై ఏళ్ళు నడిచి రిటైరయ్యాడు. అంత సర్వీసులో అతను సంపాదించింది నాలుకకి అతుక్కుపోయిన "అండి" ఒక్కటే. తనకన్నా చిన్న ఇన్‌స్పెక్టర్లకి అండి, వాళ్ళ పెళ్ళాలకి అండి, చివరికి వాళ్ళ పిల్లలకీ అండి. తిరిగి అతనికి దక్కింది మాత్రం "ఒరే అంతోనీ".

భవానీపురంలోని అతని రెండు గదుల ఇంటికి ఒకనాడు జయకృష్ణ కారేసుకుని వచ్చాడు. పామర్రు దగ్గర రొయ్యల చెరువులున్నవాడు. వయసుకి అంతోనికి కొడుకులాంటివాడు.

"ఒరే అంతోనీ, మనిషిని పట్టి, చెప్పగానే వదిలే కుక్కల పోటీ ఏటా పెడుతున్నారంట. నాకో కుక్క కావాలిరా. ఎవడి దగ్గరా ఉండకూడదు అట్టాంటిది."

అలాంటి కుక్క అంతోని మనసులో ఎప్పట్నుంచో పడుకునే ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ట్రైనింగుకి వెళ్ళి ఒక్కసారి చూశాడు. బెల్జియం దేశపు లాకెన్వా జాతి. ఒంటినిండా కొబ్బరిపీచులాంటి గరుకు వెంట్రుకలు. కాలవలో మునిగి లేచి ఒక్క విదిలింపు విదిలిస్తే సగం ఒళ్ళు ఆరిపోతుంది.

"వెతికి పెడతానండి. నేర్పిస్తానండి. పోటీ రోజు మైకులో నా పేరు గారుతో పిలిపించండి, చాలండి."

జయకృష్ణ పగలబడి నవ్వాడు. "ఓస్, అంతేనా! తాడు పట్టుకుని నువ్వే నడిపిద్దువుగాని. అంతోనిగారని పిలిపిస్తా, పో."

నమ్మాడు వెర్రివాడు. ఉన్నోడి మాట నీటి మీద రాతని అరవై ఏళ్ళొచ్చినా తెలియలేదు.

ఏడాది తిరిగాడు. ఫోటోలో పీచుకుక్క, తీరా వెళ్ళి చూస్తే నున్నకుక్క. చివరికి మైలవరంలో ఒక మామిడితోట ఆసామి దగ్గర దొరికింది. ఆయన మోజుపడి విదేశాల నుంచి తెప్పించుకున్నాడు. ఇంటావిడేమో "ఇదేం కుక్కండీ, కాళ్ళొచ్చిన పాత చీపురులా ఉంది" అనేసరికి పాకలో కట్టిపడేశాడు. పాపం, దాని ఒళ్ళంతా పుళ్ళు. జయకృష్ణ కొని కాగితాలు తన పేర రాయించుకున్నాడు. బైబిల్లో ఒళ్ళంతా కురుపులతో బూడిదలో కూర్చున్న యోబు గుర్తొచ్చి అంతోని దానికి ఆ పేరే పెట్టాడు.

తన ఇంటికి తెచ్చుకుని వేపనూనె రాసి పుళ్ళు మాన్పాడు. రోజూ పొద్దున్నే కృష్ణ ఒడ్డున ఇసుకలో పాఠం. గోనెపట్టా ముక్క ఊపి, దాన్ని పట్టించి, లాగించి, వదిలించేవాడు. పట్టడం ఏ వీధికుక్కయినా పడుతుంది, చదువంతా వదలడంలోనే ఉంది. ఆ ఒక్క మాట నేర్పడానికి ఏడు నెలలు పట్టింది. అతని నోట వచ్చే మాటలా, అన్నీ అండీలే. "యోబుగారూ, రండి. కూర్చోండి. పట్టుకోండి. వదలండి."

అతని భార్య శౌరమ్మకి ఒళ్ళు మండింది. "కట్టుకున్నదాన్ని ఇన్నేళ్ళుగా ఒసే అంటావు. కుక్కకేమో గారా? దానికైతే గారు, నాకు గారెముక్కయినా లేదు!"

"నన్నెవరూ అనలేదే. నా చేతికింద ఉన్న ఒక్క ప్రాణాన్నయినా అననీ."

పోటీ గన్నవరం దగ్గర మైదానంలో. జయకృష్ణ కొత్త బూట్లేసుకుని, బంధువుల్నీ వీడియోవాణ్ణీ వెంటేసుకుని దిగాడు. వస్తూనే చెయ్యి చాచాడు.

"తాడు ఇటివ్వరా. మావాళ్ళంతా వచ్చారు. నువ్వు కంచె అవతల నిలబడు."

"పేరండీ..."

"చివర్లో చెప్పిస్తాలేరా. ఆ మాటలేంటో రాసివ్వు ముందు."

అంతోని ఒక కరపత్రం వెనక రాసిచ్చాడు: కూర్చోండి, పట్టుకోండి, వదలండి. జయకృష్ణ చదివి మురిసిపోయాడు. ఆ అండీలన్నీ అంతోని తనకిచ్చిన మర్యాదేననుకున్నాడు. ఉగ్గుపాలతో అండీలు తాగి పెరిగినవాడు ఇంకెట్టా అనుకుంటాడు?

చేతికి లావుపాటి గోనె తొడుగు వేసుకున్న మనిషి కేకలేస్తూ వచ్చాడు. జయకృష్ణ నోరు తెరిచేలోపే యోబు ఎగిరి తొడుగు పట్టింది. మైదానమంతా చప్పట్లు.

"వదులు!" అన్నాడు జయకృష్ణ.

యోబు ఇంకా బిగించింది.

"వదులు! వదలరా! నీ యబ్బ, వదలవే!"

తొడుగు మనిషి లాక్కుంటూ లాక్కుంటూ కంచె దాకా వచ్చేశాడు. వెనకే జయకృష్ణ, చెమటలు కక్కుకుంటూ. "ఏం నేర్పావురా దీనికి? ఏమనాలి?"

బయటివాళ్ళు మాట అందిస్తే కుక్క పోటీలోంచి పోతుందని అంతోనికి తెలుసు. కానీ పెద్దమనిషి అడిగితే జవాబు చెప్పకుండా ఉండటం ఆ నాలుకకి చేతకాదు.

"వదలండి అనాలండి."

యోబు ఠక్కున వదిలేసింది. వచ్చి కంచె పక్కన, అంతోనికి ఎదురుగా, బుద్ధిగా కూర్చుంది.

"జయకృష్ణగారూ, మీ కుక్కకి అండి అనాలంటండీ!" జనంలోంచి ఎవరో అన్నారు. నవ్వులే నవ్వులు.

మైకు గరగరమంది. "బయటి మనిషి ఆజ్ఞ ఇచ్చినందున జయకృష్ణగారి కుక్కని పోటీ నుంచి తప్పిస్తున్నాం."

రెండేళ్ళు ఎదురుచూసినందుకు మైకులో అంతోనికి దక్కిన పేరు బయటి మనిషి. దానికీ గారు లేదు.

"నలుగురిలో పరువు తీశావు గదరా. కుక్కకి నేను అండి అనాలా?"

"చీటీలో రాశానండి..."

"నోర్ముయ్!"

ఆ సాయంత్రమే యోబుని పామర్రు తీసుకెళ్ళి చెరువుగట్టున గొలుసుతో కట్టేశారు. కాపలావాళ్ళు ఒరే అని అరుస్తారు, రాయి విసురుతారు. అది తలెత్తదు. దానికి చెముడని తేల్చేశారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ సామెత కట్టినవాడెవడో పామర్రు చెరువుగట్టు చూసి ఉండడు.

శౌరమ్మ పుట్టిల్లు ఆ దారినే. మొన్న ఇద్దరూ వెళ్తుంటే బస్సు ఆ గట్టు పక్కనే ఆగింది. కిటికీలోంచి యోబు కనిపించింది. పీచు జుట్టంతా ఉండలు కట్టింది, మెడ దగ్గర మళ్ళీ పుండు.

"ఒక్కసారి పిలవరాదూ" అంది శౌరమ్మ.

"పిలిస్తే గొలుసు తెంపుకుని వస్తుందే. వస్తే దొంగని నేనవుతాను."

బస్సు కదిలేదాకా అంతోని తువ్వాలు నోట్లో కుక్కుకుని కూర్చున్నాడు.