ఊసరవెల్లికి తలంటు

మా మనవరాలు స్కూల్ వాళ్లతో క్యాంప్‌కి వెళ్తూ, ఇంట్లో ఉన్న ఇద్దరు ముసలమ్మల్లో నన్నే ఎందుకు ఎంచుకుందో మొహం మీదే చెప్పేసింది. పదకొండేళ్ల పిల్ల. మొహమాటం అన్న మాట దానికి ఎవరూ నేర్పలేదు.

"అమ్మమ్మా, నీకు అదంటే యాక్ కదా. సో, నువ్వు టచ్ చెయ్యవు. నానమ్మ అయితే లవ్ చేసేస్తుంది."

యాక్ అనిపించేది ఊసరవెల్లి. చూపుడువేలంత పొడవున్నప్పుడు కొనిపించుకుని, అరచేయంత అయ్యేదాకా పెంచింది. దానికి ఒక పేరు కూడా పెట్టింది గానీ, ఆ పేరు నా నోటికీ తిరగలేదు, మా వియ్యపురాలి నోటికీ తిరగలేదు. తొండ ముదిరితే ఊసరవెల్లి అని సామెత చెప్పుకునే దేశం నుంచి వచ్చినదాన్ని నేను. దాన్ని గదిలో పెట్టుకుని, దీపాలు పెట్టి, మొక్కలు పెట్టి సాకడం ఏమిటో నాకు అర్థం కాలేదు. కానీ దాని ముందు కూర్చున్నప్పుడు పిల్ల ముఖం చూశాను. ఆ ఒక్క ప్రాణి తన వేళ్ల మధ్య నుంచి పురుగు అందుకుంటే చాలు, స్కూల్లో ఎవరేమన్నా పిల్లకి లెక్కలేదు. అందుకని, అది వచ్చేదాకా ఊసరవెల్లిని చూసుకోవడానికి ఒప్పుకున్నాను.

ఆ చలికాలం బాతెల్ అనే పరాయి దేశపు ఊళ్లో, మా అమ్మాయి ఇంట్లో నేనూ, మా అల్లుడి తల్లీ ఇద్దరం ఉన్నాం. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. మేం ఇమిడిపోయాం, ఎందుకంటే అందులో ఒకటి ఎప్పుడూ బయటికి తీయకూడని కత్తి. ఎంత మన పిల్ల ఇల్లే అయినా అది అల్లుడి ఇల్లు. అక్కడ అల్లుడి తల్లిని ఒక మాట అనడానికి ఆడపిల్ల తల్లికి నోరుండదు. ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి, ఎదురు తిరిగిన ప్రతి పిల్లాణ్నీ కసిరి కూర్చోబెట్టినదాన్ని, ఆవిడ ముందు మాత్రం "అలాగేనండి వదినగారూ" తప్ప ఇంకో మాట ఎరగను.

ఆవిడది గోదావరి వైపు. మాట మెత్తన, చెయ్యి ఇంకా మెత్తన. వాళ్ల వీధిలో పుట్టిన పసిబిడ్డలందరికీ ఆవిడే నీళ్లు పోసేవారట. మా మనవరాలు పుట్టినప్పుడు కూడా ఆవిడే వచ్చి, కాళ్లు చాపుకుని బిడ్డని కాళ్ల మీద వేసుకుని, నూనె రాసి, నలుగు పెట్టి నీళ్లు పోశారు. అప్పుడు తెచ్చిన వెండి ఉగ్గుగిన్నె ఇప్పటికీ ఆ వంటింటి సొరుగులోనే ఉంది. ఎవరి ఒళ్లు కనబడితే వాళ్ల ఒంటి మీదికి ఆవిడ చెయ్యి వెళ్లిపోతుంది. అది ప్రేమే. కాదని నేను ఎన్నడూ అనలేదు.

పిల్ల వెళ్లే ముందు రోజు నాకు పాఠం చెప్పింది. పొద్దున దీపాలు వెయ్యాలి. స్ప్రే సీసాతో ఆకుల మీద నీళ్లు కొట్టాలి, చుక్కలు వేలాడేదాకా. గిన్నెలో నీళ్లు పెడితే అది తాగదు, నిలిచిన నీరు దానికి కనబడదు. ఆకు మీద కదిలే చుక్కనే నాలుకతో అందుకుంటుంది. తర్వాత కీచురాళ్లు. వాటిని ఒక డబ్బాలో వేసి, ముగ్గుపిండిలాంటి కాల్షియం పొడి చల్లి ఊపి, పంజరంలోకి వదలాలి. జన్మలో గుడ్డు ముట్టని నేను కీచురాళ్లకి క్యారెట్ తరిగి పెట్టడం, వాటిని ఇంకోదానికి ఆహారంగా వెయ్యడం! ఏ జన్మ పాపమో అనుకున్నాను.

"అమ్మమ్మా, అది షెడ్ చేస్తుంది. వైట్ వైట్‌గా అవుతుంది. పేపర్‌లాగా స్కిన్ ఊడుతుంది. అప్పుడు పీల్ చెయ్యొద్దు. స్ప్రే ఎక్కువ చెయ్యి, అంతే. ఓకే?"

"ఎవరైనా పీకితే?"

"కింద న్యూ స్కిన్ రెడీగా ఉండదు. హర్ట్ అవుతుంది. మే బీ చచ్చిపోతుంది." ఆ చివరి మాట అంటున్నప్పుడు దాని గొంతు మారింది. "ఎవరూ టచ్ చెయ్యకూడదు. ప్రామిస్ చెయ్యి."

చేతిలో చెయ్యి వేశాను. క్యాంప్‌లో ఫోన్లు ఉండవు. శుక్రవారం సాయంత్రం దాకా దాని మాట మాకు, మా మాట దానికి వినబడదు.

మొదటి రెండు రోజులూ బాగానే గడిచాయి. మంగళవారం మధ్యాహ్నానికి దాని ఒళ్లు పాలిపోయింది. సాయంత్రానికి తల మీద, వీపు మీద తెల్లటి పొరలు లేచి, పాత గోడకి సున్నం పెచ్చులు లేచినట్టు అయింది. బయట వాన కురుస్తూనే ఉంది గానీ, ఇంట్లో హీటరు గాలికి తేమ అన్నది లేదు. నేను వెళ్లినప్పుడల్లా నీళ్లు కొట్టి వస్తున్నాను. మా వియ్యపురాలు గుమ్మంలో నిలబడి చూసి, "అయ్యో, పాపం" అన్నారు. నేను "పిల్ల ముట్టుకోవద్దంది వదినగారూ" అన్నాను. "అవునవును" అన్నారావిడ.

బుధవారం పొద్దున నేను స్నానం, పూజ ముగించుకుని మేడ దిగుతుంటే కాచిన కొబ్బరినూనె వాసన వచ్చింది. ఆ చలికి నూనె సీసాలోనే గడ్డకట్టుకుపోతుంది కాబట్టి ఆవిడ దాన్ని వేడినీళ్లలో పెట్టి కరిగిస్తారు. రోజూ వచ్చే వాసనే. కానీ ఆ రోజు అది వంటింట్లోంచి కాదు, పిల్ల గదిలోంచి వస్తోంది.

కిటికీ పక్కన కుర్చీలో ఆవిడ కూర్చుని ఉన్నారు. ఒళ్లో మెత్తటి పాత పంచె ముక్క. దాని మీద ఊసరవెల్లి, నూనెతో నిగనిగలాడుతూ. కిటికీ గట్టు మీద ఉగ్గుగిన్నె.

"అయిపోయిందండీ వదినగారూ," అన్నారు నవ్వుతూ. "ఒళ్లంతా పొట్టు లేచిపోయి ఎంత బాధపడుతోందో! ఈ హీటరు గాలికి మన మడమలే పగిలిపోతుంటే, పసిది, దానికెలా ఉంటదండీ? కాస్త నూనె రాసి గుడ్డతో తుడిచేసరికి వచ్చేసిందండీ. ఇక్కడొకటి రాలేదు, నెమ్మదిగా లాగాను. నీళ్లు కూడా తాగింది. గిన్నె పెట్టట్లేదు కదా మీరు, ఎండిపోయుంటదని ఉగ్గుగిన్నెతో పోశాను."

అది నల్లగా మారిపోయింది. ఆకుపచ్చ జాడైనా లేదు. పట్టపగలు కళ్లు మూసుకుంది. నోరు తెరుచుకుని ఉంది, పెదవి చివర చిన్న నీటి బుడగ. డొక్క పక్కన, ఆవిడ నెమ్మదిగా లాగానన్న చోట, ఎర్రటి పచ్చి మాంసం.

నాకు కోపంతో చెవులు హోరెత్తాయి. పిల్ల గొంతు మారిన ఆ క్షణం గుర్తొచ్చింది. నోటిదాకా వచ్చిన మాటలు ఇక్కడ రాయను. పళ్లు బిగబట్టి, "ఇలా ఇవ్వండి" అని మాత్రం అన్నాను. ముట్టుకోనని మాటిచ్చినదాన్ని, అసహ్యం సంగతే మర్చిపోయి దాన్ని చేతిలోకి తీసుకున్నాను. ఎండుమిరపకాయంత బరువైనా లేదు. దాని వేళ్లు నా వేలుని పట్టుకోబోయి జారిపోయాయి, నూనె కదా. పంజరంలో కొమ్మ మీద పెడితే నిలవలేదు. అడుగున మెత్తటి గుడ్డ వేసి పడుకోబెట్టి, మా అమ్మాయికి ఫోన్ చేశాను.

నా ముఖం చూశాకగానీ ఆవిడకి అర్థం కాలేదు. నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

మా అమ్మాయి ఆఫీస్‌లోంచి వచ్చేసింది. కార్లో నా ఒళ్లో అట్టపెట్టె, వెనక సీట్లో వియ్యపురాలు. రావద్దంటే ఎలా ఉంటుందో అని అనలేదు. "అసలేమైందమ్మా?" అంది మా అమ్మాయి, సిగ్నల్ దగ్గర ఆగి. వెనక సీట్లో ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. "చర్మం ఊడుతోంది కదా... కాస్త నూనె తగిలింది" అన్నాను, నూనె తనంతట తానే నడిచొచ్చి తగిలినట్టు. మా అమ్మాయి అద్దంలో వాళ్ల అత్తగారిని చూసింది. సిగ్నల్ పడగానే కారు ముందుకి పోనిచ్చింది.

ఇలాంటి జంతువుల్ని చూసే డాక్టరమ్మ దాన్ని వేళ్ల మీద పెట్టుకుని ఛాతీ దగ్గర స్టెతస్కోపు ఆనించి విన్నది. నీళ్లు కడుపులోకి కాక ఊపిరితిత్తుల్లోకి పోయి ఉండొచ్చు అంది. ఇలా ఎదిగే వయసులో చర్మం మాటిమాటికీ ఊడుతుందనీ, దానికి ఎవరి సాయమూ అక్కర్లేదనీ, గాలిలో తేమ ఉంటే చాలనీ చెప్పింది. సూది వేసింది. పచ్చి చోట రాయడానికి ఆయింట్‌మెంట్ ఇచ్చింది. వెచ్చగా ఉంచండి, ఆకుల మీద నీళ్లు కొట్టండి, మిగతాది దానికే వదిలెయ్యండి, బలవంతంగా ఏమీ తినిపించొద్దు; తనంతట తాను తింటే బతుకుతుంది, అంది. మా అమ్మాయి ఇదంతా తెలుగులో చెబుతుంటే మా వియ్యపురాలు నేల చూపులు చూస్తూ విన్నారు.

గురువారమంతా నేను పంజరం ముందే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కీచురాళ్లు వేస్తే తినకపోగా, ఒకటి దాని కాలెక్కి కొరకబోయింది. బలం లేనిదాన్ని పురుగు కూడా కొరుకుతుంది. వాటిని ఏరి బయట పారేశాను. నీళ్లు కొట్టినప్పుడు ఒక కన్ను సగం తెరిచి మళ్లీ మూసుకుంది. పిల్లకి ఏం చెప్పాలో ఎన్ని రకాలుగా అనుకున్నా ఏదీ కుదరలేదు.

ఆవిడ గుమ్మం దాటి లోపలికి రాలేదు. గంటకోసారి వచ్చి, "తిన్నదాండీ?" అనేవారు. "లేదండి" అనేదాన్ని. ఒకసారి, "కంచిలో బంగారు బల్లిని ముట్టుకుని వస్తానని మొక్కుకున్నానండీ" అన్నారు. మళ్లీ ముట్టుకోవడమేనా తల్లీ అనుకున్నాను.

శుక్రవారం సాయంత్రం పిల్ల బురద బూట్లు విప్పకుండానే గదిలోకి పరిగెత్తింది. మేమిద్దరం వెనకే వెళ్లాం. నేను ఏదో మొదలుపెట్టేలోపే ఊసరవెల్లి డొక్క మీది మచ్చ చూసేసింది.

"హూ డిడ్ దిస్?"

పిల్ల ముఖంలో రంగు లేదు. నా నోట మాట వచ్చింది, అబద్ధం మాట. "మా ఇద్దరి వల్లా అయింది నాన్నా" అన్నాను.

"కాదు," అన్నారు మా వియ్యపురాలు. ఆవిడ గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. "నేనేనమ్మా. మీ అమ్మమ్మ స్నానానికి వెళ్లినప్పుడు చేశాను. తనకి తెలీదు." నా వైపు తిరిగి, "నా తప్పులో మీరెందుకండీ వాటా తీసుకోవడం? నన్ను కాచి మాట్లాడ్డానికి నేనేమైనా పైదాన్నా?" అన్నారు.

పిల్ల అరుస్తుందనుకున్నాను. అరవలేదు. అక్కడే నేల మీద కూర్చుని అడగడం మొదలుపెట్టింది.

"నానమ్మా, ఏ ఆయిల్?"

"కొబ్బరినూనెమ్మా."

"ఐస్‌లో వెళ్లిందా? కళ్లల్లో?"

"లేదమ్మా. తల మీద రాయలేదు."

"వాటర్ పోసినప్పుడు కాఫ్ చేసిందా?"

"నోరు తెరిచింది. తాగుతుందనుకున్నాను."

ఒక్కొక్కదానికీ ఆవిడ ఏమీ దాచకుండా జవాబు చెప్పారు. చెబుతూ చెబుతూ ఆఖరికి వెక్కివెక్కి ఏడ్చేశారు. పిల్ల తలెత్తి చూసింది. దాని కళ్లల్లోనూ నీళ్లున్నాయి.

"నానమ్మా, ఇక్కడ క్రై చెయ్యకు. సౌండ్‌కి దానికి స్ట్రెస్ అవుతుంది. బయటికెళ్లి ఏడువు."

ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని బయటికి నడిచారు. నేను వెంట వెళ్లాను. వరండా మెట్ల మీద వాన జల్లు పడుతుంటే ఇద్దరం కూర్చున్నాం. ఓదార్చాలని ఉంది, కోపమూ ఉంది.

శనివారం కూడా అది తినలేదు. పిల్ల భోజనం పళ్లెం అక్కడికే తెచ్చుకుని, ముద్ద కలుపుకుని అలాగే వదిలేసింది. సాయంత్రం ఆకు చివర చుక్కని అది నాలుకతో అందుకున్నప్పుడు మాత్రం, పిల్ల నా చెయ్యి పట్టుకుని నొప్పి పుట్టేలా నొక్కింది.

ఆదివారం పొద్దున "నానమ్మా! కమ్, కమ్!" అని కేక వినబడింది. నేను వెళ్లేసరికి ఊసరవెల్లి పై కొమ్మ మీద ఉంది. ఆకుపచ్చ తిరిగొచ్చింది, డొక్క పక్కన ఒక్క మచ్చ తప్ప. ఒక కన్ను ఇటు, ఒక కన్ను అటు తిప్పుతూ, ఎదురుగా ఉన్న కీచురాయి దగ్గర రెండు కళ్లూ కలిపింది. నాలుక వెళ్లింది, వచ్చింది, కీచురాయి లేదు. పిల్ల గెంతింది. నాకు తెలియకుండానే నేనూ చప్పట్లు కొట్టబోయి, చప్పుడని ఆగిపోయాను.

మా వియ్యపురాలు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. "తిన్నదే! నా తల్లి తిన్నదే!" అంటూ నవ్వుతున్నారు, కళ్లు తుడుచుకోవడం లేదు. అప్పుడు చూశాను. రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుని, ఒకదాన్ని ఒకటి గట్టిగా పట్టుకుని ఉన్నారు.

పిల్ల స్ప్రే సీసా తెచ్చి ఆవిడకి చాపింది. "నువ్వు చెయ్యి నానమ్మా. లీవ్స్ మీద. ఇట్స్ ఓకే."

"వద్దమ్మా, నువ్వే కొట్టు," అన్నారు ఒక అడుగు వెనక్కి వేసి. "నా చేతులు మంచివి కావు."

ఆవిడ చెయ్యి ఆగాలని నేను ఎన్నిసార్లు కోరుకున్నానో నాకే తెలుసు. ఆగిన తర్వాత ఆ మాట నేను వినలేకపోయాను.

"ఎవరన్నారండీ ఆ మాట?" అని అరిచాను. వియ్యపురాలినని గుర్తు లేదు, అల్లుడి ఇల్లని గుర్తు లేదు. క్లాసులో పిల్లల్ని కసిరినట్టే కసిరాను. "ఈ పిల్ల ఆ చేతుల్లోనే కదా పెరిగింది! తియ్యండి ముందుకి!"

ఆవిడ బెదిరిపోయి నా వైపు చూశారు. చేతులు మాత్రం వెనకే ఉండిపోయాయి.