మావగారి మడతబోర్డు

ఎవరైనా జారిపడ్డాక హెచ్చరిక బోర్డు పెట్టడం మావగారి అలవాటు. ముందు పెట్టరు. పొరపాటున కూడా పెట్టరు. ఎవరో ఒకరు దబ్బున పడాలి, "అమ్మో" అనాలి, అప్పుడు ఆయన పసుపుపచ్చ మడతబోర్డు చంకన పెట్టుకుని పరుగెత్తుకొస్తారు. దాన్ని విప్పి, పడ్డవాళ్ళ పక్కన నిలబెట్టి, నుదురు కొట్టుకుని ఒకటే మాట అంటారు.

"అయ్యయ్యో, ఇది ముందే పెట్టాల్సింది. తప్పు నాదే."

ఆయన బట్టల మిల్లులో సేఫ్టీ ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు. ఇంత తాపీగా బోర్డు పెట్టే మనిషికి ఆ ఉద్యోగం ఎవరిచ్చారో, ఇచ్చిన పుణ్యాత్ముడు తర్వాత ఎన్నిసార్లు జారిపడ్డాడో ఎవరికీ తెలీదు. వీడ్కోలు సభలో మేనేజరు "మీకు గడియారం ఇమ్మంటారా, పడక్కుర్చీ ఇమ్మంటారా?" అని అడిగితే, "మెట్ల కింద నా బోర్డు ఉంది, అది ఇప్పించండి చాలు" అన్నారట. దాన్ని పసిబిడ్డను తెచ్చినట్టు ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు.

"మా నాన్న ఫైరింజన్‌లో పనిచేసి ఉంటే బూడిదకి స్నానం చేయించి వచ్చేవాడు" అంటాడు కొడుకు.

ఒకసారి ఆ కొడుకే కాఫీలో చక్కెరనుకుని ఉప్పు వేసుకుని, అతిథుల ముందు మొహం వికారంగా పెట్టాడు. మావగారు అప్పటికప్పుడు కంప్యూటర్లో టైపు చేసి, అచ్చు తీసి, డబ్బాకి అతికించారు: "జాగ్రత్త! ఇది ఉప్పు." ఈలోగా కోడలు ఆ డబ్బా కడిగి చక్కెర పోసింది. కాగితం మాత్రం ఊడలేదు. ఆ వారమంతా ఇంట్లో పప్పు తియ్యగా ఉంది.

పక్కింటావిడ స్కూటర్‌తో గేటుని గుద్దినప్పుడు, దుమ్ము ఇంకా అణగకముందే గేటుకి బోర్డు వేలాడింది: "ఇక్కడ గేటు ఉంది." ఆవిడ ఏడుపు ఆపి నవ్వింది. "బాబాయిగారూ, గేటు ఇరవయ్యేళ్ళుగా ఇక్కడే ఉంది కదండీ!" అంది. "ఉంది. చెప్పేవాళ్ళే లేరు. తప్పు నాదే" అన్నారాయన.

కోడలు కాపురానికి వచ్చిన వారంలోనే వంటింట్లో తడి నేల మీద జారి, పాలగిన్నెతో సహా హాల్లోకి వచ్చి పడింది. సోఫాలో అత్తింటి బంధువులంతా ఉన్నారు. మావగారు పాలమడుగు మధ్యలో బోర్డు నిలబెట్టి, తానూ కొంచెం జారి, "తప్పు నాదే" అన్నారు. బంధువులు పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వులో తన గురించి ఎవరూ ఒక్క మాట అనలేదన్న సంగతి అప్పుడు ఆమెకు తట్టలేదు.

ఇక ఆ కోడలి సంగతి. ఆమె ఒక కంపెనీలో కంప్యూటర్ విభాగంలో పనిచేస్తుంది. వాళ్ళు కాపురముండే అపార్టుమెంటు భవనంలో ఎవరి కంప్యూటర్ మొరాయించినా ఆమెనే పిలుస్తారు. ఆమెకు "యాంటీవైరస్" అని పేరు కూడా పెట్టారు. సలహాలకి ఆమె దగ్గర లోటు లేదు. "ఏది పడితే అది నొక్కుతారా? చదువుకున్నవాళ్ళేనా?" అని పై అంతస్తు పళ్ళ డాక్టర్‌ని లిఫ్టులోనే నిలదీసింది. పాపం ఆయన నోరు మూసుకుని దిగిపోయాడు. వచ్చే ఆదివారం కింద హాల్లో భవనం వాళ్ళందరికీ "మోసపు హెచ్చరికలు, మన జాగ్రత్తలు" అని మాట్లాడటానికి కూడా ఒప్పుకుంది.

ఆ ప్రసంగానికి ఒక మంచి బొమ్మ కావాల్సొచ్చింది. ఇంట్లో అందరూ వాడే కంప్యూటర్ ముందు కూర్చుని, ముసుగు వేసుకున్న దొంగ బొమ్మ ఉచితంగా దొరుకుతుందేమోనని వెతుకుతోంది. ఎక్కడో నొక్కింది. అంతే, తెర మొత్తం ఎర్రబడింది. సైరన్ మోగింది. ఒక ఆడగొంతు అందుకుంది: "మీ కంప్యూటర్‌లో ప్రమాదకరమైన వైరస్‌లు ఉన్నాయి. ఆఫ్ చేయకండి. వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి."

అలాంటి నంబరుకు ఫోన్ చేయకూడదని ఆమె ఆ ఉదయమే ప్రసంగంలో రాసుకుంది. కింద గీత కూడా గీసింది. కానీ చెవి పక్కన సైరన్ మోగుతుంటే గీతలు ఎవరికి గుర్తుంటాయి? చెయ్యి దానంతటదే ఫోన్ అందుకుంది.

"మేడమ్, అస్సలు కంగారుపడకండి. మీరు మంచి టైముకే చేశారు" అన్నాడు అవతలివాడు. తేనె పూసిన గొంతు. ఏదో ఎక్కించమన్నాడు, ఎక్కించింది. ఏదో అంకె చెప్పమన్నాడు, చెప్పింది. తెర మీద బాణం గుర్తు దానంతటదే తిరగడం మొదలుపెట్టింది.

అప్పుడే తలుపు దగ్గర చప్పుడైంది. మావగారు.

"ఎవరితో అమ్మాయ్?"

"ఆఫీసు కాల్ మావయ్యగారూ!"

ఆయన ఎర్రటి తెర వంక చూశారు, ఆమె వంక చూశారు, వచ్చిన దారినే వెళ్ళిపోయారు. అబద్ధం నోట్లోంచి వచ్చాకే ఆమెకు ఒళ్ళు తెలిసింది. ఒక్క ఉదుటున ప్లగ్గు పీకేసింది. ఫోన్లోంచి అన్ని పాస్‌వర్డులూ మార్చింది. ఇక గండం గడిచిందనుకుంది.

గడవలేదు. సాయంత్రం కొడుకు వచ్చి కంప్యూటర్ మళ్ళీ పెట్టగానే, ఆ ఇంటి మెయిల్ నుంచి భవనంలో అందరికీ, కొడుకు పైఅధికారికి కూడా ఒక ఉత్తరం వెళ్ళింది: "మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది. కింది బటన్ నొక్కి కాపాడుకోండి. ఇట్లు, మీ శ్రేయోభిలాషి." కంప్యూటర్ పెడితే చాలు, బట్టతలకు నూనె ప్రకటనలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయి. పైఅధికారిది బట్టతల కూడాను.

భోజనాల దగ్గర కొడుకు అగ్గిమీద గుగ్గిలమైపోయాడు. "ఆ తెర మీదేదో వస్తే నొక్కింది ఎవరు?"

కోడలు చేతిలో ముద్ద కంచంలో పెట్టేసింది. చెబుదామనే అనుకుంది. నోరు తెరిచేలోపు మావగారు పప్పు కలుపుకుంటూ అన్నారు:

"నేనేరా. ఎర్రగా, బలే ఉంది. నొక్కాను. తప్పు నాదే."

"అనుకున్నా! హెచ్చరిక కనపడితే మా నాన్న ఆగుతాడా?" అన్నాడు కొడుకు. కంప్యూటర్‌లో అంతా చెరిపేసి కొత్తగా ఎక్కించి, తండ్రికి తెలియని పాస్‌వర్డు పెట్టేశాడు. కోడలు తేలుకుట్టిన దొంగలా కంచంలోకి చూస్తూ కూర్చుంది. ఆ రాని మాట అన్నం ముద్దతో పాటు లోపలికి పోయింది, అరగలేదు.

మర్నాటి నుంచి, కంప్యూటర్ చేతికందక, ఆయన బోర్డులు స్కెచ్‌పెన్‌తో రాయడం మొదలుపెట్టారు. అక్షరాలు వణికాయి. లిఫ్టులో అపార్టుమెంటు సంఘం కార్యదర్శి పరాచికాలాడాడు: "బాబాయిగారూ, ఈ బటన్ నొక్కితే ఏం కాదు కదా?" ఆయన అందరికంటే గట్టిగా నవ్వారు. పక్కనే నిలబడ్డ కోడలికి తల కొట్టేసినట్టయింది. జీవితమంతా జాగ్రత్తలు చెప్పిన మనిషిని జాగ్రత్త తెలియనివాడని నవ్వుతున్నారు. నవ్వించింది తను. లిఫ్టు అద్దంలో తన మొహం తనే చూసుకోలేకపోయింది.

చివరికి శనివారం ఆయన గదిలోకి వెళ్ళింది.

"మావయ్యగారూ, మీకు తెలుసు కదా."

"ఏం తెలుసు?"

"ఆ రోజు మీరు తలుపు దగ్గర నిలబడి చూశారు."

"నేను కళ్ళజోడు వెతుక్కుంటూ వచ్చానమ్మా. కళ్ళజోడు లేకుండా నాకేం కనిపిస్తుంది?"

"కళ్ళజోడు మీ ముక్కు మీదే ఉంది."

"అదన్నమాట! అందుకే ఇల్లంతా వెతికినా దొరకలేదు."

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ఎందుకు మీ మీద వేసుకున్నారు? అందరూ మిమ్మల్ని చూసి నవ్వుతున్నారు."

ఆయన స్కెచ్‌పెన్‌కి మూత పెట్టారు. "మిల్లులో చాలామంది పడటం చూశానమ్మా. పడ్డ మనిషి మొదట దెబ్బ చూసుకోడు. చుట్టూ చూస్తాడు, ఎవరైనా చూశారా అని. అప్పుడు అక్కడ ఒక బోర్డు ఉందనుకో, అందరూ దాన్ని చూస్తారు. వీడు మెల్లిగా లేచి ప్యాంటు దులుపుకుంటాడు. అంతే. ఇందులో పెద్ద సంగతేం లేదు. నవ్వనీ, నాకు అలవాటే."

హాల్లో పరుచుకున్న పాలు ఆమెకు అప్పుడు గుర్తొచ్చాయి. ఇన్నేళ్ళూ తానూ ఆ బోర్డునే చూసి నవ్వింది.

ఆదివారం హాలు నిండింది. మావగారు మొదటి వరసలో, కాళ్ళ దగ్గర సంచితో కూర్చున్నారు. వెనక కొడుకు. తెర మీద మొదటి బొమ్మ పడింది: "పెద్దవాళ్ళు ఎలా మోసపోతారు?" జనం మావగారి వంక చూసి మూతులు బిగబట్టారు.

కోడలు ఆ బొమ్మ ఆపేసింది.

"మీ అందరికీ వచ్చిన ఆ ఉత్తరానికి కారణం మా మావయ్యగారు కాదు. నేను. ఆ నంబరుకు ఫోన్ చేసింది నేనే. వాడికి కంప్యూటర్ అప్పగించింది నేనే. ఇంట్లో అడిగితే నోరెత్తలేదు. ఆయన తన మీద వేసుకుంటే ఊరుకున్నాను."

కొడుకు తలవంచుకున్నాడు. కార్యదర్శి తన చెప్పుల వంక చూసుకున్నాడు. కోడలు చుట్టూ చూసింది, పడ్డవాళ్ళు చూసినట్టే.

మొదటి వరసలో సంచి గరగరమంది. మావగారు లేచి, గబగబా వచ్చి, పసుపుపచ్చ మడతబోర్డు విప్పి ఆమె ముందు నిలబెట్టారు.

"అయ్యయ్యో, ఇది ముందే పెట్టాల్సింది. తప్పు నాదే."

హాలు గొల్లుమంది. అన్ని కళ్ళూ బోర్డు మీదికి తిరిగాయి. కోడలు కళ్ళు తుడుచుకుంది, ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఈసారి ఇవ్వను మావయ్యగారూ. ఈ తప్పు నాది, నా దగ్గరే ఉంచుకుంటాను."

"అదేంటమ్మా, అలవాటైన తప్పు..."

"దానికోసం మీరిద్దరూ కొట్టుకోకండి" అంటూ వెనక నుంచి పళ్ళ డాక్టర్ లేచాడు. ఆయన మొహం కందగడ్డలా ఉంది. "ఆ బోర్డు కాస్త ఇటు జరపండి. మీ ఉత్తరం వచ్చాక నేనూ నొక్కాను. ఈవిడ మళ్ళీ ఎక్కడ తిడుతుందోనని ఎవరికీ చెప్పలేదు."

"ఆయన తర్వాత నాకివ్వండి" అంది పక్కింటావిడ, చెయ్యెత్తి. కార్యదర్శి నెమ్మదిగా గొంతు సవరించుకున్నాడు. "బాబాయిగారూ, నేనూ..." అన్నాడు.

మావగారు హాలంతా కలయజూసి కంగారుపడిపోయారు.

"అందరూ ఒక్కసారే పడితే ఎలాగయ్యా? నా దగ్గరున్నది ఒక్కటే బోర్డు!"